రెండాఫర్ల పిల్లోడు యాడున్నాడప్పా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊర్లలోనూ ఈమధ్య ఒక పిల్లోడి గురించి తెగ మాట్లాడుకుంటున్నారు. ఈ ఏడే బీటెక్ గట్టెక్కాడంట. కుడిచేతిలో గూగుల్ లాంటి మహా కంపెనీ ఆఫరు, ఎడంచేతిలో బెంగుళూరు కోరమంగలలో పుట్టిన స్టార్టప్ ఆఫరు. ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో తేలక పాపం వాడికి నిద్ర కరువైందంట. వాణ్ణి నిద్రపుచ్చడానికి యూట్యూబు గురువులు, లింక్డ్‌ఇన్ మహానుభావులు, పెళ్లిళ్లలో రెండో పంక్తి కోసం కాచుకున్న చిన్నాయనలు రాత్రీ పగలూ కష్టపడుతున్నారు. ఇంతమంది సలహా చెబుతున్న ఆ పిల్లోణ్ణి కళ్లారా చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేనూ విచారించాను. హిందూపురంలో అడిగితే ధర్మవరంలో ఉన్నాడన్నారు. ధర్మవరంలో అడిగితే "మా ఊర్లో యాడప్పా, పెనుకొండ తట్టు అంట" అన్నారు. పెనుకొండలో వాడి మేనత్త కొడుకు స్నేహితుడు దొరికాడు. వాడికీ సలహాలే తెలుసు, అడ్రసు తెలీదు.

దొరికినవాళ్లు వేరే. ఒకడికి ఆఫరు ఉంది, చేరే తేదీ లేదు. "త్వరలో తెలియజేస్తాము" అని మెయిలు వచ్చి తొమ్మిది నెలలు దాటింది. ఇంకొకడికి తేదీ ఉంది, ఒరిజినల్ సర్టిఫికెట్లు లేవు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి వస్తేగానీ ఇవ్వమని కాలేజీవాళ్లు బీరువాలో పెట్టి తాళమేశారు. మరొకడికి ఆఫరూ ఉంది, తేదీ కూడా ఉంది. చేరేముందు లక్షన్నర 'ట్రైనింగు డిపాజిట్' కట్టాలట. ఆ కంపెనీ బోర్డు ఎప్పుడు తిప్పేస్తుందో దాని ఇంటి ఓనరుకే తెలీదు. నాలుగోవాడు మెకానికల్. కార్లంటే ప్రాణం. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి సామాన్లిచ్చే ఒక అనుబంధ కంపెనీలో కాంట్రాక్టరు కింద చేరాడు. వీడికి స్టార్టప్ అన్నా, బిగ్ టెక్ అన్నా ఒకటే. కాంట్రాక్టరు ఫోనెత్తడమే ముఖ్యం.

ఈ నలుగురికీ సలహా చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. అందరి దిగులూ ఆ రెండాఫర్ల పిల్లోడి గురించే.

అసలు ఈ ప్రశ్న మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పిల్లలకు, ఇక్కడ పేరున్న ఐఐటీల్లో కంప్యూటర్ సైన్సు పిల్లలకు వచ్చే తలనొప్పి ఇది. మనదాకా తలనొప్పి రాలేదు గానీ మాత్రలు మాత్రం వచ్చేశాయి. మన తట్టు 'పెద్ద కంపెనీ' అంటే గూగులూ కాదు, మైక్రోసాఫ్టూ కాదు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, కాగ్నిజెంట్. కొత్తగా చేరే ఇంజనీరుకు ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. పదేళ్ల కిందట చేరిన వాళ్ల అన్నలకూ ఇంచుమించు అంతే. ఈ పదేళ్లలో కందిపప్పు పెరిగింది, పీజీ అద్దె పెరిగింది, బీటెక్ ఫీజు పెరిగింది. పెరగకుండా కుదురుగా కూర్చున్నది ఆ జీతం ఒక్కటే. 2024లో కాగ్నిజెంట్ ఇంజనీరింగు కాని డిగ్రీలవాళ్లకు ఏడాదికి 2.52 లక్షలని ప్రకటించినప్పుడు దేశమంతా నవ్వింది. నెలకు 21 వేలు. నవ్వినవాళ్లలో చాలామంది అంతకు తక్కువకే చేరినవాళ్లు.

అయినా సలహాదారులు తగ్గరు. వాళ్లలో ఒక పక్షం పెద్ద కంపెనీ పక్షం. వాళ్ల మంత్రం ఒకటే: "సేఫ్టీ అప్పా, సేఫ్టీ." వైట్‌ఫీల్డులో పద్నాలుగేళ్లుగా ఒకే కంపెనీలో ఉండి, అపార్ట్‌మెంటు కంతులు కట్టుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం హిందూపురం వచ్చి అత్తగారింట్లో ముద్ద, పప్పు తిని, సాయంత్రం రైలుకే వెనక్కి పోయే మామయ్య ఈ పక్షానికి పెద్ద.

పెద్ద సంస్థ శాశ్వతమని చెప్పేవాళ్లను నేను ముందు పెనుకొండకు తీసుకుపోతాను. 1565లో రక్కసతంగడి యుద్ధం జరిగే నాటికి విజయనగరం కంటే పెద్ద సంస్థ దక్షిణాన ఇంకోటి లేదు. యుద్ధంలో ఓడగానే తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీదికెక్కించి పెనుకొండకు తరలించాడు. హెడ్డాఫీసు రాత్రికి రాత్రే మారిపోయింది. ఖజానాకు ఏనుగులు దొరికాయి. గుమాస్తాలు తమ కాళ్లనే నమ్ముకుని ఉంటారు. కొన్నేళ్లకు పెనుకొండ కూడా కలిసిరాక రాజధాని చంద్రగిరికి పోయింది. 'బదిలీకి సిద్ధంగా ఉండాలి' అన్న షరతు ఆఫర్ లెటర్లలోకి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే గగన్ మహల్ మెట్ల మీద కూర్చుని ఆలోచించండి.

అంత వెనక్కి వద్దంటారా? 2009 జనవరి 7. సంక్రాంతికి సరిగ్గా వారం ముందు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన కంపెనీ లెక్కల్లో ఏడు వేల కోట్లకు పైగా లేని డబ్బు ఉన్నట్టు చూపించానని లేఖ రాశాడు. అప్పటికి ఆ కంపెనీలో యాభై వేల మందికి పైగా ఉద్యోగులు. తెలుగు నేల మీద అంతకంటే 'సేఫ్' ఉద్యోగం ఇంకోటి ఉందని ఎవరైనా అంటే వాడికి పిచ్చి అనేవాళ్లు. ఆ పండక్కి ఎన్ని ఇళ్లలో 'సత్యంలో చేస్తున్నాడు' అన్న పెళ్లికొడుకు గురించి పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారో! ఏప్రిల్ కల్లా కంపెనీని టెక్ మహీంద్రా కొనుక్కుంది కాబట్టి సరిపోయింది.

ఇక ఈమధ్య సంగతులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి చెప్పేకొద్దీ ఒకేలా ఉంటాయి. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, అదే నెలలో మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని ఇంటికి పంపాయి. 2023లోనే విప్రో ఆరున్నర లక్షలకు తీసుకున్న కొత్త పిల్లలను 'మూడున్నరకు చేరతారా, లేక ఇంకా ఎదురుచూస్తారా' అని అడిగింది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపసులో మూడుసార్లు పరీక్ష తప్పారని మూడు వందల మందికి పైగా ట్రైనీలను పంపేసింది. వాళ్లలో కొందరు ఆఫర్ చేతికొచ్చాక చేరడానికే రెండేళ్లకు పైగా కాచుకున్నవాళ్లు. అదే ఏడు జూలైలో టీసీఎస్ 12 వేల చిల్లర ఉద్యోగాలు తీసేస్తామని చెప్పింది. మామయ్య వీటన్నిటికీ ఒకటే జవాబు చెప్తాడు: "అవన్నీ పర్ఫార్మెన్స్ లేనోళ్లకప్పా." ఆయన ఫోను మోగితే మాత్రం హెచ్చార్ వాళ్లేమోనని ఒకసారి ఉలిక్కిపడి చూస్తాడు.

పెద్ద కంపెనీలో ఏదీ పోదనే మాట కూడా మన తట్టు చెల్లదు. పెనుకొండ పక్కనే కియా ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే సత్తా. గేటు దగ్గర టిఫిన్ డబ్బా కూడా తెరిచి చూపించాల్సిందే. అలాంటి చోట 2025లో తేలిందేమిటంటే, కొన్నేళ్లుగా 900 దాకా ఇంజన్లు మాయమైపోయాయని. బోల్టులు కాదు స్వామీ, ఇంజన్లు! ఇంజనే నిలవని చోట ఇంజనీరు నిలుస్తాడని పూచీ ఏముంది?

ఇక రెండో పక్షం. స్టార్టప్ పక్షం. వీళ్లకు 'సేఫ్టీ' అన్న మాట వింటేనే దురదలు. "రిస్కు తీసుకోవాల, వయసులో ఉండావు, ఇప్పుడు గాకపోతే ఎప్పుడు?" అంటారు. కాలేజీ ఫెస్టుకు ముఖ్య అతిథిగా వచ్చి, నల్ల టీషర్టు వేసుకుని, మైకు పట్టుకుని "ఫెయిల్యూరే నా గురువు" అని చెప్పి, శాలువా కప్పించుకుని పోయే పెద్దమనిషి ఈ పక్షం. ఆ ఫెయిల్యూరులో జీతం రాని పిల్లలకు కూడా ఆ గురుదక్షిణలో వాటా ఉందని ఎవరూ గుర్తుచేయరు.

స్టార్టప్ అంటే ఏదో సిలికాన్ వ్యాలీ నుంచి ఊడిపడిన వింత అనుకుంటున్నారు గానీ మనకు కొత్తేమీ కాదు. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కథ గైడు చెప్పకముందే మన పిల్లలకు తెలుసు. అచ్యుతదేవరాయల కాలం. విరూపణ్ణ పెనుకొండలో కోశాధికారి. సొమ్ము రాజుది, ఊహ విరూపణ్ణది. అడగకుండా ఖజానా తీసి గుడికి పోశాడని, రాజు లెక్క అడిగేసరికి తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని, ఆ ఎర్రమరకలు ఇవేనని చూపిస్తారు. కల్యాణ మంటపం స్తంభాల దాకా లేచి ఆగిపోయింది. నిధులు అయిపోయిన ప్రతి కంపెనీ అక్కడికెళ్లి ఫోటో దిగాలి. ఇప్పుడూ పద్ధతి అదే: సొమ్ము ఇన్వెస్టరుది, ఊహ ఫౌండరుది. మారిందల్లా చివర్లో. లెక్క అడిగితే కళ్లు పీక్కునేవాళ్లు ఇప్పుడు లేరు. ఇంకో కంపెనీ పెట్టి, మొదటిదాని మీద పుస్తకం రాస్తారు. మంటపానికి రాళ్లు మోసినవాళ్లకు ఆఖరి నెల కూలి ముట్టిందా అన్నది అప్పటి ఐతిహ్యమూ చెప్పదు, ఇప్పటి బిజినెస్ పేజీ కూడా చెప్పదు.

ఆ గుడి పేరు పెట్టుకునే ఇంకో మంటపం కూడా లేచి ఆగింది. 2000ల చివర్లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా భూమి 'లేపాక్షి నాలెడ్జ్ హబ్' పేరిట ఇచ్చారు. మీ పిల్లలు బెంగుళూరు పోనక్కర్లేదు, బెంగుళూరే మీ చేల దగ్గరికొస్తుందన్నారు. చేలు పోయాయి. నాలెడ్జి రాలేదు, హబ్బూ రాలేదు. భూములు బ్యాంకుల తాకట్టులోకి, అక్కడినుంచి కేసుల్లోకి, జప్తుల్లోకి, దివాలా వ్యవహారంలోకి పోయాయి. ఆ రోజు ఒడిలో ఉన్న బిడ్డకు ఇప్పుడు బీటెక్ వయసొచ్చింది. వాడు తెల్లారుజామున లేచి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బెంగుళూరు బస్సెక్కుతున్నాడు. బస్సు కిటికీలోంచి ఆ భూములు చూస్తూనే సెల్లులో 'స్టార్టప్‌లో ఎందుకు చేరాలి' అనే వీడియో వింటున్నాడు.

బెంగుళూరులో మాత్రం కథలకు కొదవా? బైజూస్ 2022లో 2,200 కోట్ల డాలర్ల కంపెనీ. 2024 జూలైలో క్రికెట్ బోర్డుకు కట్టాల్సిన 158 కోట్ల రూపాయల బాకీ మీద దివాలా విచారణ మొదలైంది. ట్విట్టర్‌కు పోటీగా ఎగిరిన కూ పిట్ట అదే నెలలో వాలిపోయింది. వీటి పేరెత్తితే స్టార్టప్ పక్షం వెంటనే ఫ్లిప్‌కార్ట్ అంటుంది. నిజమే. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లిచ్చి అందులో 77 శాతం వాటా కొన్నప్పుడు, తొలినాళ్లలో చేరినవాళ్లలో కొందరు కోటీశ్వరులయ్యారు. వాళ్లను చూసి కుళ్లుకోవడం నా ఉద్దేశం కాదు. లాటరీ తగిలినవాడి ఫోటో చూపించి టికెట్ అమ్మేవాణ్ణి చూసి మాత్రం నాకు ఒళ్లుమండుతుంది.

ఇక అసలు కాయితానికి వద్దాం. 'పన్నెండు లక్షల ప్యాకేజీ' అని ఊరంతా చెప్పుకునే స్టార్టప్ ఆఫరు ఒకటి ఊహించుకుందాం. నిత్యం వాడే లెక్కలే, నేనేమీ కల్పించడం లేదు. పన్నెండులో మూడున్నర లక్షలు ఈసాప్‌లు, అంటే కంపెనీ వాటాలు. లక్షన్నర 'వేరియబుల్', అంటే కంపెనీ మూడ్ బాగుంటే. లక్ష జాయినింగ్ బోనస్. ఏడాదిలోపు మానేస్తే వాపసు కట్టాలి కాబట్టి అది బోనస్ కాదు, చేబదులు. మిగిలింది ఆరు లక్షలు. అందులోనే మళ్లీ కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ కింద పద్నాలుగు వేల చిల్లర. గ్రాట్యుటీ ఐదేళ్లు పనిచేస్తే వచ్చేది. కంపెనీ వయసేమో మూడేళ్లు! మిగిలినదాన్ని పన్నెండుతో భాగించి, పిల్లోడి వంతు పీఎఫ్ 1,800, కర్ణాటక వృత్తి పన్ను 200 తీసేస్తే నెలకు చేతికొచ్చేది 45 వేలు. పన్నెండు లక్షలంటే నెలకు లక్ష అని లెక్కేసుకుని సైటు చూడ్డానికి పోయిన తండ్రికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఆ మూడున్నర లక్షల ఈసాప్ ఇంకా రుచికరం. మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాదు. అది నిండగానే నాలుగోవంతు, ఆ తర్వాత ఏడాదికో నాలుగోవంతు చొప్పున నాలుగేళ్లకు పూర్తిగా 'నీవి' అవుతాయి. నీవి కావాలంటే మళ్లీ నువ్వే డబ్బు కట్టి కొనుక్కోవాలి. కొన్నరోజున కాయితం మీద విలువ పెరిగి ఉంటే ఆ పెరుగుదలను జీతంగా లెక్కకట్టి సాధారణంగా పన్ను వేస్తారు. ఆ వాటాను అమ్ముదామంటే కొనే దిక్కుండదు, కంపెనీ స్టాకు మార్కెట్టుకు వచ్చిందాకా. అంటే కనబడని ఆస్తికి కనబడే డబ్బు కట్టి, రాని లాభానికి వచ్చిన జీతంలోంచి పన్ను కట్టాలి. దీన్ని 'ఓనర్‌షిప్' అంటారు.

ధర్మవరంలో ఏ మగ్గం ఇంటికైనా పోయి ఈ ఆఫరును అరుగు మీద పరిచి చదివి వినిపించండి. చదువురాని అవ్వ కూడా ఒక్క నిమిషంలో తప్పు పట్టేస్తుంది. అక్కడ తరతరాలుగా రెండే దారులు. ఒకటి కూలి మగ్గం: పట్టు, జరీ సావుకారువి, పడుగు ఆయన ఇస్తాడు, నేసిచ్చిన చీరకింత అని కూలి. చీర అమ్ముడుపోయినా, పోకున్నా ఆ కూలి ముట్టాలి. రెండోది సొంత మగ్గం: పట్టు మనమే కొనాలి, చీర మనమే అమ్ముకోవాలి; లాభమొస్తే మనది, ముంచితే మనల్నే. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో రేటు ఎగిరినరోజు కూలి మగ్గంవాడికి గుండెదడ ఉండదు. సొంత మగ్గంవాడికి అన్నం దిగదు. పట్టు ఎవరిది, చీర నిలిచిపోతే నష్టం ఎవరిది అన్న రెండు ప్రశ్నలతో వాళ్లు ఏ పనినైనా తూచేస్తారు. స్టార్టప్ ఆఫరును ఆ తక్కెడలో పెట్టండి. మగ్గం నీది కాదు, పట్టు నీది కాదు, ఏ చీర నేయాలో చెప్పేదీ నువ్వు కాదు. కానీ చీర నిలిచిపోతే నీ కూలి కూడా నిలిచిపోతుంది. కూలివాడి హక్కు లేదు, ఓనరు లాభం లేదు. ఇద్దరి కష్టాలూ ఉన్నాయి. "కూలి కొంచెం తగ్గించుకో నాయనా, ఈ చీర బాగా అమ్ముడుపోతే కొంగు చివర కుచ్చు ఒకటి నీదే" అని చెప్పే సావుకారు ధర్మవరంలో ఇంతవరకూ పుట్టలేదు. సిగ్గుపడతాడు.

'మనమంతా ఒక కుటుంబం' అని స్టార్టప్‌లు చెప్పే మాట ఉందే, అది మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజమని ధర్మవరమే ఒప్పుకుంటుంది. చేనేత ఇంట్లో మొగుడు నేస్తే పెళ్లాం కండెలు చుడుతుంది, ముసలమ్మ నూలు సరిచేస్తుంది, బడి నుంచి వచ్చిన పిల్ల అంచు దగ్గర చెయ్యేస్తుంది. కూలి మాత్రం ఒక్కరికే. కుటుంబం అంటే అదే కదా. కోరమంగలలో రాత్రి పదకొండుకు పీజా తెప్పించి, ముగ్గురి పని ఒకడిచేత చేయించే ఫౌండరు ఆ సంప్రదాయాన్నే కాపాడుతున్నాడు.

'రిస్కు తీసుకో' అనే మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. పట్టు ధర ఎగిరి, పవర్‌లూమ్ చీర చేనేత పేరు చెప్పుకుని చవగ్గా దిగి, సొంత మగ్గాలవాళ్లు అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న ఊరు ధర్మవరం. కొన్ని రకాల చీరలు చేనేత మీదే నేయాలని 1985లో చట్టం చేశారు. చట్టం కాయితం మీదుంది, పవర్‌లూమ్ మగ్గం మీదుంది. రిస్కంటే ఏమిటో ఆ ఇళ్లకు ఒకడొచ్చి నేర్పాల్సిన పనిలేదు. ఆ ఇంట్లో పుట్టి, తండ్రి ప్రోనోటు రాసిచ్చి చదివిస్తే బీటెక్ చేసినవాడు 'ఫస్టు తారీఖు జీతం పడుతుందా' అని అడిగితే వాడికి 'గ్రోత్ మైండ్‌సెట్' లేదంట! తండ్రి అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చినవాడు రిస్కు తీసుకుంటే సరదా. ఓడిపోయినా వాడి గది వాడికుంటుంది.

రెండు పక్షాలకూ విగ్రహాలు కావాలి కదా, పెద్ద కంపెనీ పక్షానికి సత్య నాదెళ్ల ఉన్నాడు. వాళ్ల నాయన యుగంధర్ గారిది మన అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. అందుకని ఉమ్మడి జిల్లాలో ప్రతి ట్యూషన్ సెంటరూ ఆయన మీద హక్కు చాటుకుంటుంది. సత్య 1992లో మైక్రోసాఫ్టులో చేరకముందు పనిచేసింది సన్ మైక్రోసిస్టమ్స్‌లో. అప్పట్లో అది కొండంత కంపెనీ. 2010లో ఒరాకిల్ దాన్ని కొనేసింది, ఇప్పుడు బోర్డు కూడా లేదు. స్టార్టప్ పక్షానికి రెడ్‌బస్ ఫణీంద్ర సామా. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి ఊరికి బస్సు టికెట్ దొరక్క ఆ ఆలోచన పుట్టిందని చెప్పని వక్త లేడు. ఆ రోజు ఆయన పనిచేస్తున్నది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో అన్న సంగతి మాత్రం వక్త మింగేస్తాడు. నెలనెలా జీతం పడుతున్నవాడు టికెట్ దొరకలేదని కంపెనీ పెట్టగలిగాడు. టికెట్టుకు డబ్బుల్లేనివాడు హిందూపురం ప్యాసింజరులో నిలబడి వస్తాడు.

ఈ గొడవంతటిలో నాకు తెలివైన ప్రశ్నలు వినిపించింది ఒక్క చోటే. హిందూపురంలో ఒక పెళ్లికి వచ్చిన ఇంకో పిల్లోడి నాయన, కొడుకు ఫోనులో ఆఫర్ లెటరు చూపిస్తుంటే అద్దాలు సవరించుకుని అడిగాడు:

"ఒగటో తేదీ పడతాదా?"

"పడతాది నాయనా."

"మానుకుంటే ఏమన్నా కట్టల్లా?"

"రెండేండ్ల బాండు ఉంది."

"సర్టిఫికెట్లు పెట్టుకుంటారా?"

"ఒరిజినల్స్ అడుగుతాండారు."

"ఇయ్యొద్దు. జిరాక్సులిచ్చి రా."

అంతే. మూడు ప్రశ్నలు, ఒక తీర్పు. చుట్టూ ఉన్న సలహాదారులు నవ్వారు. "పాతకాలం మనిషి మామా నువ్వు. బ్రాండు జూడల్ల, లెర్నింగ్ జూడల్ల, వాల్యుయేషన్ జూడల్ల" అన్నారు. ఆయన బ్రాండు చూశాడు గానీ మొలకు కట్టుకునే పంచెలో, వాల్యుయేషన్ చూశాడు గానీ తాకట్టు కొట్టులో.

కాబట్టి నాదొక ప్రతిపాదన. మన తట్టు చీటీ పాడుకున్నా, సావుకారు దగ్గర పదివేలు తెచ్చుకున్నా, జామీను సంతకం లేనిదే పైసా రాలదు. ఉద్యోగ సలహాకూ అదే పెడదాం. 'స్టార్టప్‌లో చేరు' అన్నవాడు, ఆ కంపెనీ మూతపడితే ఇంకో ఉద్యోగం దొరికేదాకా పిల్లోడి పీజీ అద్దె నేను కడతానని కాయితం మీద రాసివ్వాలి. 'పెద్ద కంపెనీలో చేరు' అన్నవాడు, చేరే తేదీ వచ్చేదాకా నెలనెలా ఖర్చులకు నాది పూచీ అని సంతకం పెట్టాలి. యూట్యూబు గురువులకైతే వీడియో కిందే అంగీకార పత్రం. రెవెన్యూ స్టాంపు రూపాయే కాబట్టి ఎవరికీ భారం కాదు.

ఆ పెళ్లిలోనే ప్రయోగించి చూశాం. భోజనాలయ్యాయి, తాంబూలాలు పంచుతున్నారు, సలహాదారులు జోరు మీదున్నారు. పురోహితుడి దగ్గర మిగిలిన తెల్లకాయితం, ఒక పెన్ను తెచ్చి మధ్యలో పెట్టాం. వైట్‌ఫీల్డు మామయ్యకు రైలు గుర్తొచ్చింది. స్టార్టప్ చిన్నాయన సిగ్నల్ అందక ఫోను పట్టుకుని బయటికి పోయాడు. 'ఫెయిల్యూరే గురువు' అన్న పెద్దమనిషి, లీగల్ వాళ్లను అడిగి చెప్తానన్నాడు. పెన్ను కాసేపు అట్లే ఉండి చివరికి పిల్లోడి నాయన చేతికి వచ్చింది.

"ఇట్లియ్యండప్పా," అన్నాడాయన, "కంపెనీ బాండులో జామీను గీత కాడ నా సంతకమే కావాలంట."